తెరమీది పులి, తెరవెనక మనిషి

బొమ్మకు ప్రాణం పొయ్యటం మనకు కొత్త విద్య కాదు. మేకతోలు గీకి, ఆరబెట్టి, రంగులద్ది, నగలున్న చోటల్లా సన్నని చిల్లులు పొడిచి మనవాళ్ళు హనుమంతుణ్ణి తయారు చేశారు. తెల్లని తెరమీద ఆ హనుమంతుడు లంకకు దూకుతుంటే ఊళ్ళకు ఊళ్ళు తెల్లవార్లూ మేలుకుని చూశాయి. తెర వెనక దీపమున్నదనీ, ఆ దీపపు సెగలో ఒక మనిషి గొంతు చించుకుంటూ కర్రపుల్లలు ఆడిస్తున్నాడనీ అందరికీ తెలుసు. తెలిసీ హనుమంతుడికే దణ్ణం పెట్టారు. బొమ్మలాట గొప్పతనం అందులోనే ఉన్నది. ఆడించేవాడి దురదృష్టమూ అందులోనే ఉన్నది.

ఇప్పుడా తెర మరీ పెద్దదయింది. తోలు పోయి అంకెలు వచ్చాయి. సినిమాహాలులో పులి గాండ్రిస్తుంది, కోతి కన్నీరు పెడుతుంది, ఈగ పగ తీర్చుకుంటుంది. పక్కసీటు పెద్దమనిషి మనకు జ్ఞానోదయం కలిగిస్తూ, "అదంతా కంప్యూటరు చేసిందండీ" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకొక చిన్న సందేహం. పెళ్ళిభోజనంలో గుత్తివంకాయ కుదిరితే, "అబ్బ, గాడిపొయ్యి ఎంత బాగా వండిందండీ!" అని మనలో ఎవరైనా అంటామా?

ఈ వారం ఆ గాడిపొయ్యి సంగతీ, దాని ముందు నిలబడ్డ వంటవాళ్ళ సంగతీ కాస్త ముచ్చటించుకుందాం.

పొయ్యి సంగతి ముందు. 1985లో "యంగ్ షెర్లాక్ హోమ్స్" అనే చిత్రం వచ్చింది. అందులో చర్చి కిటికీలో రంగుటద్దాలతో కూర్చిన కత్తివీరుడొకడు ఉన్నట్టుండి కిందికి దూకి ఒక మతగురువును తరుముతాడు. పూర్తిగా కంప్యూటరులోనే పుట్టి, నిజమైన మనుషుల మధ్య తిరిగిన మొదటి పాత్రగా చరిత్ర రాసేవాళ్ళు ఇతణ్ణి చెబుతారు. 1989లో జేమ్స్ కామెరూన్ తీసిన "ది ఎబిస్"లో సముద్రపు నీరు పాములా తలెత్తి, ఎదుట ఉన్న మనిషి ముఖాన్ని అచ్చుగుద్దినట్లు అనుకరిస్తుంది. 1991లో ఆయనే తీసిన "టెర్మినేటర్ 2"లో పాదరసంలాంటి లోహపు మనిషి ఇనుప కటకటాల్లోంచి అవలీలగా దాటిపోతాడు. చేతిలోని తుపాకి మాత్రం చువ్వలకు తగిలి ఆగిపోతుంది. చెయ్యి తిప్పి దాన్ని లాక్కోవలసి వస్తుంది. ఒళ్ళు జలదరించేది కటకటాలు దాటినప్పుడు కాదు, తుపాకి తట్టుకున్నప్పుడు. ఎవరో కూర్చుని, "ఒళ్ళు కరుగుతుంది సరే, తుపాకి ఎట్లా కరుగుతుంది?" అని ఆలోచించారన్నమాట. ఆ ప్రశ్న యంత్రానికి తట్టేది కాదు.

గాజు, నీరు, పాదరసం. అన్నీ మెరిసేవే అని గమనించారా? ఆ రోజుల్లో కంప్యూటరుకు మెరుపులు చెయ్యటం బాగా వచ్చు. చర్మం, వెంట్రుక, కంటిచూపు రావు. అంచేత కథలు రాసేవాళ్ళు యంత్రం చేతగానితనాన్నిబట్టి పాత్రల్ని కల్పించారు. 1995లో పూర్తిగా కంప్యూటరులోనే తయారైన మొదటి పూర్తి నిడివి చిత్రం "టాయ్ స్టోరీ" వచ్చినప్పుడు కథానాయకులు బొమ్మలు కావటం కూడా ఒట్టి కాకతాళీయం కాదు. ప్లాస్టిక్ చెయ్యటం తేలిక. అందులో మనుషులు కొయ్యబొమ్మల్లా, బొమ్మలు మనుషుల్లా ఉంటారు!

కాని మెరుపు వేరు, ప్రాణం వేరు. ఈ తేడా తెలియాలంటే 1986 నాటి ముచ్చట ఒకటి చెప్పాలి. జాన్ లాసెటర్ అనే ఆయన "లక్సో జూనియర్" అని రెండు నిమిషాల బొమ్మల చిత్రం తీశాడు. అందులో ఉన్నవి బల్లమీద పెట్టుకునే రెండు దీపాలు, ఒక బంతి. ఒకటి పెద్ద దీపం, రెండోది చిన్నది. వాటికి కళ్ళు లేవు, నోరు లేదు, మాట లేదు. చిన్న దీపం బంతితో ఆడి, ఆడి, దానిమీదికెక్కి గాలి పోయేట్లు చేస్తుంది. తరువాత తప్పుచేసిన పిల్లవాడిలా తల వాలుస్తుంది. అంతే కథ. కంప్యూటరు పండితుల మహాసభలో ఈ చిత్రం చూపించాక, ఆ విద్యలో ఆరితేరిన జిమ్ బ్లిన్ లాసెటర్ దగ్గరకు వచ్చాడు. ఆ నీడలు ఎట్లా పడ్డాయో లెక్క అడుగుతాడు కాబోలు, నాకు సరిగ్గా చెప్పటం రాదే అని లాసెటర్ భయపడ్డాడు. బ్లిన్ అడిగింది అది కాదు: ఆ పెద్ద దీపం అమ్మా, నాన్నా?

నీడల లెక్క తెలిసిన పండితుడే నీడల్ని మరిచిపోయాడు. పాత్ర పుట్టటమంటే అదీ.

1993లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ "జురాసిక్ పార్క్" వచ్చింది. రెండుగంటల పైచిలుకు చిత్రంలో రాక్షసబల్లులు కనిపించేది పావుగంట. అందులో కంప్యూటరు వాటా సుమారు ఆరు నిమిషాలు. తక్కినవి స్టాన్ విన్‌స్టన్ బృందం నిలువెత్తున కట్టిన కదిలే బొమ్మలు. అసలు మొదట అనుకున్నది ఆ ఆరు నిమిషాలు కూడా పాతపద్ధతిలోనే తియ్యాలని. చిన్న బొమ్మను వెంట్రుకవాసి కదుపుతూ ఒక్కొక్క ఫొటో తియ్యటం ఆ పద్ధతి. 1933 నాటి "కింగ్ కాంగ్"ను విల్లిస్ ఒబ్రయన్ అట్లాగే ఆడించాడు. ఆ విద్యలో ఫిల్ టిపెట్ సిద్ధహస్తుడు. కంప్యూటరు బల్లి పరుగెత్తటం చూసి టిపెట్‌కు గుండె జారిపోయింది. ఇహ నా జాతి అంతరించినట్లే అన్నాడు. ఆ మాట స్పీల్‌బర్గ్‌కు ఎంత నచ్చిందంటే, చిత్రంలో ఒక పాత్ర నోట దానిలాంటి మాటే పలికించాడు.

అయితే టిపెట్‌ను ఇంటికి పంపలేదు. ఎందుకంటే కంప్యూటరు తెలిసిన కుర్రవాళ్ళకు బల్లి ఎట్లా నడుస్తుందో తెలియదు, టిపెట్‌కు తెలుసు. అంత బరువున్న జంతువు అడుగు వేస్తే తోక ఎటు తిరుగుతుంది, ఆగేటప్పుడు తల ఎంత ముందుకు పోతుంది, వేటకు దిగినప్పుడు ఎక్కడ నిలబడి వాసన చూస్తుంది — ఇవన్నీ ఆయన వేళ్ళలో ఉన్నాయి. ఆయన మనుషుల కోసం ఇనుప అస్థిపంజరం ఒకటి చేయించి, దాని కీళ్ళను కంప్యూటరుకు తగిలించారు. వాళ్ళు అలవాటైన చేత్తో బొమ్మను కదిపితే, లోపల అంకెల బల్లి కదిలేది. కంప్యూటరు కుర్రవాళ్ళకేమో మూకాభినయం పాఠాలు చెప్పించారు. చివరికి ఆ చిత్రానికి వచ్చిన ఆస్కార్ బహుమతిలో టిపెట్‌కూ భాగం దక్కింది.

బల్లుల తరువాత మనుషుల వంతు. ఇక్కడ యంత్రానికి పెద్ద ఎదురుదెబ్బే తగిలింది. 2001లో "ఫైనల్ ఫాంటసీ" అనే చిత్రంలో అచ్చం మనుషుల్లాంటి మనుషుల్ని కంప్యూటరులో చేశారు. 2004లో "పోలార్ ఎక్స్‌ప్రెస్" అనే పిల్లల చిత్రం వచ్చింది. రెంటిలోనూ చర్మం నున్నగా ఉన్నది, జుట్టు గాలికి ఎగిరింది. కాని ఆ కళ్ళల్లో ఎవరూ లేరని ఎందరో విమర్శకులు పెదవి విరిచారు. ఇట్లా జరుగుతుందని మసహిరో మోరి అనే జపాన్ ఆచార్యుడు 1970లోనే ఊహించాడు. బొమ్మ మనిషిని పోలినకొద్దీ మనకు దానిమీద ఇష్టం పెరుగుతుంది. కాని దాదాపు మనిషే అనిపించేచోట ఇష్టం ఒక్కసారిగా లోయలో పడిపోయి వెగటు పుడుతుందన్నాడు. మన పెద్దలకు ఈ సంగతి మరోరకంగా తెలుసు. దిష్టిబొమ్మకు కళ్ళు మరీ సహజంగా దిద్దరు!

మరి లోయ దాటినవాడెవడు? గొల్లుమ్. టోల్కీన్ నవల ఆధారంగా పీటర్ జాక్సన్ న్యూజీలాండులో తీసిన "లార్డ్ ఆఫ్ ది రింగ్స్" రెండో భాగంలో, 2002లో, వాడు తెరమీదికి వచ్చాడు. ఒక ఉంగరం మీద వ్యామోహంతో ఒళ్ళూ మనసూ శుష్కించిపోయిన ప్రాణి. వాడిలో ఇద్దరున్నారు: ఒకడు హంతకుడు, ఒకడు ప్రేమకు మొహంవాచిన అమాయకుడు. ఒకచోట ఆ ఇద్దరూ వాదించుకుంటారు. ముఖమొకటే, మనుషులిద్దరు. ఒకడు బెదిరిస్తాడు, ఒకడు ఏడుస్తాడు, ఏడ్చినవాడు ధైర్యం తెచ్చుకుని మొదటివాణ్ణి వెళ్ళగొడతాడు. ఆ రెండు నిమిషాలు చూసినవాళ్ళెవరూ "కంప్యూటరు భలే చేసింది" అనుకోరు. "పాపం, ఈ పూటకు గెలిచాడు" అనుకుంటారు.

ఇందులో చేతులెన్నో చెప్పాలి. ఆండీ సెర్కిస్ అనే రంగస్థలనటుణ్ణి మొదట గొంతు అరువివ్వటానికే పిలిచారు. తన పిల్లి గొంతులో వెంట్రుకల ఉండ అడ్డంపడితే చేసే చప్పుడునుంచి ఆయన గొల్లుమ్ గొంతు పట్టుకున్నాడు. గొంతు పలుకుతుంటే ఒళ్ళంతా మెలికలు తిరగటం చూసి, ఆయన్ను ఆ పాత్రగా నిలబెట్టి చిత్రీకరించారు. అప్పటికే గీసి ఉంచిన గొల్లుమ్ ముఖాన్ని ఆయన పోలికలు వచ్చేట్లు మార్చారు. ఒంటి కదలికల్ని యంత్రం పట్టుకున్నది. ముఖంలో భావాలు మాత్రం అప్పట్లో బొమ్మలవాళ్ళు సెర్కిస్ ముఖం చూస్తూ ఒక్కొక్కటే చేత్తో దిద్దారు. ఇహ చర్మం సంగతి. చీకట్లో టార్చిలైటు మీద అరచెయ్యి పెడితే వేళ్ళ అంచులు ఎర్రగా వెలుగుతాయి గదా? వెలుతురు చర్మం మీద పడి ఊరికే వెనక్కి రాదు. లోపలికి ఇంకి, అటూ ఇటూ తిరిగి, రక్తపు రంగు పులుముకుని బయటికి వస్తుంది. ఆ లెక్క కంప్యూటరుకు నేర్పాకే గొల్లుమ్ చర్మం మైనం కాక మాంసమయింది. దాన్ని కనిపెట్టినవాళ్ళకు తరువాత ప్రత్యేకంగా శాస్త్రసాంకేతిక ఆస్కార్ ఇచ్చారు. సెర్కిస్‌కు మాత్రం నటుడిగా ఆస్కార్ పోటీలోకి కూడా పిలుపు రాలేదు. ఆయన ముఖం తెరమీద లేదు గదా!

పోనీ సెర్కిస్‌దే అంతా అందామా? కొన్నేళ్ళ తరువాత ఆయనే దీన్నంతా అంకెల మేకప్ అన్నట్లు మాట్లాడితే బొమ్మలవాళ్ళకు మనసు కష్టపడింది. నిజమే మరి. నటుడు లేకపోతే ప్రాణం లేదు, శిల్పి లేకపోతే దేహం లేదు. ఏది ఎంతపాళ్ళు అని తూచటానికి తక్కెడ ఎవరి దగ్గరా లేదు.

పేరు రాకపోవటం ఒక బాధ. నింద రావటం ఇంకో బాధ. గొల్లుమ్‌కు మూడేళ్ళముందు, 1999లో, "స్టార్ వార్స్" చిత్రాల్లో జార్ జార్ బింక్స్ అనే పొడుగుచెవుల పాత్ర వచ్చింది. తడబడుతూ నడిచే హాస్యగాడు. పిల్లలు నవ్వుకున్నారేమోగాని, పాత అభిమానులు మండిపడ్డారు. ఆ తిట్లకు యంత్రం బాధపడదు. బాధపడ్డది అహ్మద్ బెస్ట్ అనే పాతికేళ్ళ నటుడు. ఆ నడకా, ఆ గొంతూ అతనివి. ఆ రోజుల్లో ప్రాణం మీదికి తెచ్చుకునేంతవరకు వెళ్ళి వెనక్కి వచ్చానని 2018లో అతను లోకానికి చెప్పుకున్నాడు. ఇరవై ఏళ్ళు మోశాడు ఆ మాటను. 2023లో అదే కథాలోకంలోని "మాండలోరియన్" ధారావాహికలో, ఒక పసివాణ్ణి కత్తుల మధ్యనుంచి ఎత్తుకుని బయటపడే వీరుడిగా సొంత ముఖంతో కనిపించాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆలస్యంగా వచ్చాయిగాని, రావటం మేలయింది.

ఇహ మన ఇంటికి వద్దాం. ఒక ఈగ మనిషి మీద పగపడితే ఎట్లా ఉంటుందని విజయేంద్రప్రసాద్ గారు సరదాకి అన్నమాట ఆయన కుమారుడు రాజమౌళి మనసులో ఏళ్ళతరబడి ఉండిపోయింది. 2012లో అది "ఈగ" అయింది. ఆలోచించండి: కథానాయకుడు కాసేపటికే చనిపోతాడు. తరువాతంతా ఈగే. ఈగకు రెప్పలు లేవు, పెదవులు లేవు. ముఖంలో ముప్పాతిక కళ్ళే. ఈ చిత్రంలో ఈగ ఒక్కమాటైనా మాట్లాడదు. ఈగ ఎట్లా ఉంటుందో తెలుసుకోవటానికి ఈగల్ని సీసాలో పెట్టి ఫ్రిజ్జిలో ఉంచి, చలికి మందగించాక ఫొటోలు తీశారట. నిజం ఈగ ముందుకాళ్ళు రెండూ రుద్దుకుంటుందని మనందరం చూసినదే. తెరమీద ఆ కాళ్ళే చేతులయినాయి. తల పంకించటం, భుజాలెగరెయ్యటం, బెదిరించటం అన్నీ వాటితోనే. ప్రతినాయకుడుగా సుదీప్ ఎదుట ఏమీ లేకుండానే చెవి విదిలించుకున్నాడు, నిద్రకు మొహంవాచాడు, గాలిని కొట్టాడు. ఈగను నమ్మించినవాళ్ళలో సగం పుణ్యం ఆయనది. ఆ ఏటి జాతీయ పురస్కారాల్లో ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ రెండూ "ఈగ"కే వచ్చాయి.

అదే సంవత్సరం పులి వచ్చింది. ఆంగ్ లీ తీసిన "లైఫ్ ఆఫ్ పై"లో పాండిచ్చేరి కుర్రవాడొకడు నడిసముద్రంలో పడవమీద పులితో చిక్కుకుంటాడు. పులిపేరు రిచర్డ్ పార్కర్. అక్కడక్కడ కొన్ని దృశ్యాల్లో నిజం పులి ఉన్నది. ఎక్కువభాగం కంప్యూటరు పులి. సూరజ్ శర్మ అనే కుర్రవాడు నీలిరంగు బొమ్మను ఒళ్ళో పెట్టుకుని నటిస్తే, తరువాత ఆ చోట పులిని కూర్చారు. దాన్ని చేసినవాళ్ళు శిక్షణ పొందిన పులుల్ని దగ్గర కూర్చుని చూశారు. నడిస్తే భుజపుటెముక చర్మం కింద ఎట్లా జారుతుంది, ఆకలితో చిక్కినప్పుడు తోలు ఎట్లా వదులవుతుంది అన్నీ పట్టుకున్నారు. ఒకటి మాత్రం చెయ్యలేదు. పులిచేత నవ్వించలేదు, మనిషిలా కన్నీరు పెట్టించలేదు. పులిని పులిగానే ఉంచారు.

టీవీలో ఈ చిత్రం వచ్చినప్పుడు మా అత్తగారు కదలకుండా చూశారు. చివర ఒడ్డుకు చేరాక పులి అడవి అంచున ఒక్కక్షణం ఆగుతుంది. వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోతుంది. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, "అన్నాళ్ళు కలిసున్నందుకైనా ఒక్కసారి చూడకూడదూ!" అన్నారు. మా అమ్మాయి, "అమ్మమ్మా, అక్కడ అసలు పులే లేదు" అన్నది. "లేకపోతేనేం, వెళ్ళిపోయింది గదే!" అన్నారావిడ. పాత్రలమీద నేను చదివిన సాహిత్యవిమర్శలో ఇంత సూటిమాట తక్కువ.

మా కాలేజీలో డిగ్రీ చదివే కుర్రవాడి తండ్రి మొన్నామధ్య నా దగ్గరికి వచ్చారు. "మాస్టారూ, వీడు డిగ్రీ కాగానే యానిమేషను కోర్సులో చేరతానంటాడు. అది చదువేనా? మీరైనా చెప్పండి" అన్నారు. కుర్రవాడు పక్కనే తలవంచుకుని నిలబడ్డాడు. "కంప్యూటరు ఎవరైనా నేర్పుతారు. నువ్వు ఈమధ్య ఏం చూశావో చెప్పు" అన్నాను. కొంచెం తటపటాయించి, "మా పిల్లి దూకేముందు వెనకభాగం రెండుసార్లు అటూ ఇటూ ఊపుతుందండీ. దూకకూడదనుకుంటే ఊపుడు సగంలో ఆపేస్తుంది" అన్నాడు. నాకు ముచ్చటేసింది. తండ్రిగారు మాత్రం, "పిల్లిని చూస్తే జీతమిస్తారా మాస్టారూ?" అన్నారు.

నవ్వి ఊరుకోవలసిన ప్రశ్న కాదు అది. ఆ పులి చేసినవాళ్ళకు ఏం జరిగిందో చూడండి. అమెరికాలో లాస్ ఏంజెలెస్ దగ్గర "రిథమ్ అండ్ హ్యూస్" అనే సంస్థ 1987లో మొదలైంది. అప్పట్లో దానికి హైదరాబాదులోనూ ముంబయిలోనూ శాఖలుండేవి. పులి పనిలో మన ఊరివాళ్ళ చేతులు కూడా ఉన్నాయి. చిత్రానికి 11 ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. 2013 ఫిబ్రవరిలో, ఉత్సవానికి సుమారు రెండు వారాల ముందు, ఆ సంస్థ దివాలా పిటిషను పెట్టింది. వందల మందికి ఒక్కరోజులో ఉద్యోగాలు పోయాయి. ఫిబ్రవరి 24న ఉత్సవం జరుగుతుంటే హాలు బయట వీధిలో ఈ పనివాళ్ళు వందలమంది నిలబడి మొర పెట్టుకున్నారు. లోపల అదే పులికి బహుమతి వచ్చింది. వేదికనెక్కిన బిల్ వెస్టెన్‌హోఫర్ తమ సంస్థ కష్టాల గురించి నోరు విప్పేసరికి వాద్యం మోగించి మాట ఆపించారు. ఆ రాత్రి వ్యవధి మించినవాళ్ళను దింపటానికి వాడిన సంగీతం "జాస్" అనే సొరచేప సినిమాది! చిత్రానికి 4 ఆస్కార్లు వచ్చాయి. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు, పులిలాగే.

ఇట్లా ఎందుకయిందంటే, కారణం మన మేస్త్రీలకు బాగా తెలిసినదే. ఇల్లు కట్టటానికి మొత్తం ఇంతకని ముందే ఒప్పుకుంటారు. గోడ లేచాక యజమాని వచ్చి, "కిటికీ అటు పెట్టు, మెట్లు ఇటు తిప్పు" అంటాడు. కూలి పెరుగుతుంది, ఒప్పందం పెరగదు. సినిమా ఆలస్యమయితే ఆ నెలల జీతాలు మేస్త్రీ నెత్తినే. పైగా పక్కదేశం ప్రభుత్వం రాయితీ ఇస్తానంటే పని అటు పోతుంది.

అంతా చీకటే అనను. 2023లో అమెరికా నటులు దాదాపు నాలుగు నెలలు సమ్మె చేశారు. వాళ్ళ కోరికల్లో ముఖ్యమైనదొకటి: మా ముఖానికీ గొంతుకీ కంప్యూటరు నకళ్ళు తియ్యాలంటే మమ్మల్ని అడగాలి, డబ్బు ఇవ్వాలి. ఒప్పందంలో అది చేరింది. అదే ఏడాది మార్వెల్ సంస్థలోని బొమ్మలవాళ్ళు సంఘం పెట్టుకోవటానికి ఏకగ్రీవంగా ఓటు వేశారు. నోటిమాట చెబితే బొమ్మ గీసిపెట్టే యంత్రాలు వచ్చిన ఈ రోజుల్లో ఆ రెండూ చిన్న సంగతులు కావు.

అంచేత ఆ తండ్రిగారితో ఇట్లా అన్నాను: "చదువే, సందేహం లేదు. మీవాడికి చూపున్నది. కాని పిల్లనిచ్చేముందు సంబంధం విచారించినట్లు విచారించండి. జీతమెంత, నెలనెలా ఇస్తారా, రాత్రి ఎన్నింటికి ఇంటికి పంపుతారు, తెరమీద పేరు వేస్తారా అని అడగండి. అడగటం నామోషీ కాదు." ఆయన "చూద్దాం" అని లేచారు. కుర్రవాడి ముఖం మాత్రం వెలిగింది.

ఆ పేరు వెయ్యటమన్నది చిన్న సంగతి అనుకోకండి. 1957 నాటి "మాయాబజార్"లో వెన్నెల చూసి, మార్కస్ బార్ట్లీ పేరు ఇప్పటికీ తలుచుకుంటాం. ఆయన ఒక్కడు గనక తలుచుకోవటం తేలిక. ఇప్పుడు ఒక్క పులికి వందలమంది. పేర్లు తెర చివర చీమలబారులా పోతుంటే మనం చెప్పులు వెతుక్కుంటూ ఉంటాం.

ఈ ఆదివారం పిల్లల్ని కూచోబెట్టి "ఈగ" మళ్ళీ చూడండి. ఒక పది నిమిషాలు టీవీ గొంతు నొక్కేయండి. మాటా పాటా లేకుండానే ఈగకు కోపమెప్పుడొచ్చిందో, భయమెప్పుడు వేసిందో పిల్లలు చెబుతారు. ఎట్లా తెలిసిందని అడగండి. వాళ్ళే మీకు పాఠం చెబుతారు. తరువాత చివరిదాకా ఉండి, పేర్లు పోతుంటే ఒకచోట ఆపి చదివించండి. మన ఊళ్ళ ఇంటిపేర్లు ఎన్ని కనబడతాయో చూద్దురుగాని. అందులో ఏదో ఒక ఇంట్లో ఒక తల్లి, "మీవాడేం చేస్తాడండీ?" అని పక్కింటావిడ అడిగితే, "ఏమో నమ్మా, ఏదో కంప్యూటరుట" అని చెప్పి ఊరుకుని ఉంటుంది. ఈసారి ఎవరైనా అడిగితే, "ఈగకు కోపం తెప్పించింది మావాడే" అనమనండి.